కోడి ఒంట్లో కాపలా

(చదువు కేంద్రంలో వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)



ఈ రోజు మనం కోళ్ళ గురించి మాట్లాడుకుందాం. "కోళ్ళ గురించి మాకు తెలియనిది ఏముంది పంతులూ? పుట్టినప్పటి నుంచీ వాటి మధ్యనే కదా తిరుగుతున్నాం!" అని మీరు అనవచ్చు. నిజమే. కోడి ఎప్పుడు కూస్తుందో, ఎక్కడ పొదుగుతుందో, ఏ గింజ ఇష్టంగా తింటుందో మీకు తెలిసినంత నాకు తెలియదు. అయితే కోడి ఒంటి లోపల జరిగే ఒక యుద్ధం ఉంది. అది కంటికి కనిపించదు. ఆ యుద్ధం గురించి నేను చదివి తెలుసుకున్నది మీకు చెబుతాను.

ఎందుకు చెబుతున్నానంటే, మన పొదుపు సంఘాల్లో చాలామంది అప్పు తీసుకుని కోళ్ళు పెంచుతున్నారు. కొందరు పెరట్లో వనరాజా, గ్రామప్రియ పిల్లలు తెచ్చి పెంచుతున్నారు. కొందరు షెడ్డు వేసి బ్రాయిలర్ పిల్లలు పెంచుతున్నారు. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయి. ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఈ కోళ్ళ మీదే.

ఒక ఇంట్లో 200 పిల్లలు తెచ్చారనుకుందాం. మూడో వారంలో పిల్లలు తుమ్మడం మొదలుపెట్టాయి. నాలుగు రోజులకు తుమ్ములు తగ్గాయి. "అమ్మయ్య, గండం గడిచింది" అనుకున్నారు. మరి రెండు రోజులకు పిల్లలు ముడుచుకుని కూర్చోవడం, నీళ్ళు తెగ తాగడం, తెల్లగా నీళ్ళ రెట్ట వెయ్యడం మొదలైంది. తర్వాత చావులు. వారం తిరిగేసరికి 40 పిల్లలు పోయాయి. ఒక్కో పిల్లకు అప్పటిదాకా పెట్టిన ఖర్చు 100 రూపాయలు అనుకుంటే ఎంత నష్టం? పలక మీద వేసి చూడండి. 40 నూర్లు 4,000 రూపాయలు. దుకాణంలో కొన్న మందుల డబ్బు దీనికి అదనం. ఆ మందులు పనిచెయ్యలేదు కూడా.

ఎందుకు పనిచెయ్యలేదు? తుమ్ములు తగ్గాక చావులు ఎందుకు వచ్చాయి? బతికిన 160 పిల్లలు ఎలా బతికాయి? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు తెలుసుకుందాం.

జబ్బు పేరు, దాని పుట్టుక

ఈ జబ్బు పేరు ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్. పేరు పొడుగ్గా ఉంది కదా! కోళ్ళ రైతులు పొట్టిగా "ఐబి" అంటారు. మనమూ ఐబి అనే అందాం.

ఈ జబ్బును మొదట 1931లో అమెరికాలో గుర్తించారు. అక్కడ నార్త్ డకోటా అనే రాష్ట్రం ఉంది. అక్కడి కోడిపిల్లల్లో కొత్త రకం ఊపిరి జబ్బు వచ్చిందని ఇద్దరు శాస్త్రవేత్తలు రాశారు. దీనికి కారణం ఒక వైరస్ అని ఆ తర్వాత తేలింది. వైరస్ అంటే కంటికి కనిపించని అతి చిన్న క్రిమి. మామూలు సూక్ష్మదర్శినిలో కూడా కనిపించదు. బతికి ఉన్న కణంలో దూరితే తప్ప అది పెరగలేదు.

మొదట్లో ఇది ఊపిరి జబ్బు మాత్రమే అనుకున్నారు. 1960ల్లో అమెరికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ మరో సంగతి బయటపడింది. ఈ వైరస్ లో కొన్ని రకాలు కోడి మూత్రపిండాలను కూడా పాడుచేస్తాయి. మన దేశంలో బ్రాయిలర్ పిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోతుంటే, పుణెలోని పరిశోధకులు ఆ పిల్లల నుంచి ఇలాంటి వైరస్ ను వేరుచేశారు. అది ఒక కొత్త రకమని 2005లో వెల్లడించారు.

ఇక్కడ ఒక మాట. ఐబి వైరస్ కరోనా జాతికి చెందినది. "అయ్యో! కరోనానా?" అని భయపడకండి. 2020లో మనుషులకు వచ్చిన కరోనా వేరు, ఇది వేరు. కరోనా అనేది ఒక పెద్ద కుటుంబం పేరు. ఇది కోళ్ళ కరోనా. మనిషికి రాదు. 2020 మొదట్లో "కోడిమాంసం తింటే కరోనా వస్తుంది" అని పుకారు లేచింది. కోడి ధర పడిపోయింది. ఎంతోమంది రైతులు నష్టపోయారు. పుకారు పోగొట్టడానికి ఆ ఫిబ్రవరి చివర హైదరాబాదులో తెలంగాణ మంత్రులు సభలో అందరి ముందు కోడిమాంసం తిన్నారు. తెలియకపోతే ఎంత నష్టమో చూశారా?

కరోనా అనే పేరు పెట్టింది 1968లో. వైరస్ చుట్టూ ముళ్ళు ఉంటాయి. ఫొటోలో చూస్తే సూర్యుడి చుట్టూ వెలుగులాగా ఉంటుంది. అందుకే ఆ పేరు. ఆ ఫొటోలు తీసిన వాళ్ళలో ముఖ్యురాలు జూన్ అల్మీడా అనే ఆమె. స్కాట్లాండులో ఒక బస్సు డ్రైవరు కూతురు. డబ్బు లేక 16 ఏళ్ళకే బడి మానేసింది. ఆసుపత్రి లాబులో సహాయకురాలిగా చేరి, పని చేస్తూ నేర్చుకుని గొప్ప శాస్త్రవేత్త అయ్యింది. మనిషి కరోనాను చూడటానికి ముందే ఆమె ఈ కోళ్ళ వైరస్ ను చూసింది. చదువు మధ్యలో ఆగిపోయినా మళ్ళీ అందుకోవచ్చని ఆమె జీవితం చెబుతుంది.

మొదటి కాపలా: కంచె

చేనుకు మొదటి కాపలా ఏది? కంచె. కోడి ఒంటికీ ఒక కంచె ఉంది. అది గాలిగొట్టం లోపలి పొర.

ఆ పొర మీద జిగురు ఉంటుంది. గాలిలోని దుమ్ము, క్రిములు ఆ జిగురుకు అంటుకుంటాయి. పొర మీద కంటికి కనిపించని సన్నని వెంట్రుకలు కూడా ఉంటాయి. గాలికి ఊగే వరిచేనులాగా అవి ఎప్పుడూ ఊగుతూ ఉంటాయి. ఊగుతూ ఊగుతూ జిగురును పైకి, నోటి వైపుకు నెడతాయి. చీపురుతో ఇల్లు ఊడ్చినట్టు రాత్రీ పగలూ ఊడుస్తూనే ఉంటాయి.

ఐబి వైరస్ మొదట దెబ్బ కొట్టేది ఈ చీపురునే. వైరస్ తన ముళ్ళతో ఆ పొర కణాలకు అతుక్కుంటుంది. లోపల దూరి వేల కొద్దీ పెరుగుతుంది. కణం చస్తుంది. వెంట్రుకలు ఊగడం ఆగిపోతుంది. జిగురు గొంతులోనే నిలిచిపోతుంది. అందుకే పిల్ల తుమ్ముతుంది, దగ్గుతుంది, రాత్రిపూట గురగురమంటుంది. వైరస్ సోకిన ఒకటి రెండు రోజుల్లోనే ఇదంతా కనిపిస్తుంది. ఒక పిల్లకు వస్తే రెండు రోజుల్లో షెడ్డంతా పాకుతుంది.

కంచె పడిపోతే ఏమవుతుంది? గేదె వచ్చిన దారిలోనే మేకలూ వస్తాయి. అలాగే వైరస్ వెనక ఇ.కోలై అనే బాక్టీరియా కూడా లోపలికి వస్తుంది. అప్పుడు జబ్బు ముదురుతుంది.

కంచెను మనమే పాడుచేసే సందర్భాలూ ఉన్నాయి. షెడ్డులో ఊక తడిసి ముద్దయితే ఘాటు వాసన వస్తుంది. మనకు కళ్ళు మండుతాయి. అది అమ్మోనియా వాయువు. ఆ ఘాటుకు ఆ సన్నని వెంట్రుకలు పాడైపోతాయి. అంటే వైరస్ రాకముందే మనం కంచె తీసేసినట్టు. చలి కూడా అంతే. చలికి వణికే పిల్ల జబ్బును తట్టుకోలేదు. మూత్రపిండాల జబ్బులో చావులు చలికాలంలోనే ఎక్కువ.

రెండో కాపలా: కేకలు, పరుగులు

వైరస్ లోపలికి వచ్చిన కొన్ని గంటల్లోనే ఒళ్ళు మేలుకుంటుంది. వైరస్ పట్టిన కణం తాను చస్తూ కూడా పక్క కణాలకు కబురు పెడుతుంది. ఆ కబురు పేరు ఇంటర్ఫెరాన్. "దొంగ వచ్చాడు, తలుపులు వేసుకోండి" అన్న కేక లాంటిది అది. పక్క కణాలు జాగ్రత్త పడతాయి.

కేక వినగానే రక్తంలోని తెల్లకణాలు పరుగెత్తి వస్తాయి. కొన్ని క్రిముల్ని మింగేస్తాయి. కొన్ని చచ్చిన కణాలను ఊడ్చేస్తాయి. ఈ హడావుడి వల్లే పిల్ల డల్ గా ఉంటుంది, మేత తగ్గిస్తుంది, వెచ్చదనం కోసం దీపం కింద గుంపుగా చేరుతుంది.

ఈ రెండో కాపలా ఎవరు వచ్చినా ఒకేలా పనిచేస్తుంది. దొంగ ఎవరో దానికి అక్కర్లేదు. త్వరగా వస్తుంది. కానీ దీనికి జ్ఞాపకం తక్కువ.

మూడో కాపలా: గుర్తుపట్టే సైన్యం

మూడో కాపలా ఆలస్యంగా వస్తుంది. తయారు కావడానికి వారం, పది రోజులు పడుతుంది. కానీ వచ్చాక శత్రువును గుర్తుపెట్టుకుంటుంది. ఈ సైన్యంలో రెండు దళాలు ఉన్నాయి. ఒకటి బి కణాలు. రెండోది టి కణాలు.

బి కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి. యాంటీబాడీ వైరస్ ముళ్ళను పట్టుకుంటుంది. ముళ్ళు పట్టుబడితే వైరస్ కణానికి అతుక్కోలేదు. చేతులు కట్టేసిన దొంగ తాళం తియ్యలేడు కదా!

ఈ "బి" అనే అక్షరం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? కోడి నుంచే! కోడి రెట్ట వేసే ద్వారానికి పైన, లోపల ఒక చిన్న సంచి ఉంటుంది. ఇటలీ దేశపు ఫాబ్రిసియస్ అనే వైద్యుడు దాని గురించి రాశాడు. ఆ పుస్తకం 1621లో అచ్చయింది. అందుకే ఆ సంచిని "ఫాబ్రిసియస్ బర్సా" అంటారు. బర్సా అంటే సంచి. అయితే ఆ సంచి ఎందుకుందో 300 ఏళ్ళు దాటినా ఎవరికీ తెలియలేదు.

అమెరికాలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి కొన్ని కోడిపిల్లల్లో ఆ సంచిని కోసి తీసేశాడు. పిల్లలు మామూలుగానే పెరిగాయి. సంచి వల్ల ఉపయోగం ఏమిటో అతనికి అంతు చిక్కలేదు. అతని స్నేహితుడు తిమోతీ చాంగ్ పాఠం చెప్పడానికి కోళ్ళు కావాలని వాటిలో కొన్నింటిని తీసుకున్నాడు. క్రిములను ఎక్కించి, యాంటీబాడీలు ఎలా పుడతాయో విద్యార్థులకు చూపించాలనుకున్నాడు. సంచి తీసేసిన కోళ్ళలో యాంటీబాడీలు పుట్టలేదు! పాఠం చెడింది కానీ రహస్యం బయటపడింది. 1956లో వాళ్ళు ఈ సంగతి కోళ్ళ శాస్త్రం పత్రికలో రాశారు. యాంటీబాడీలు చేసే కణాలు ఈ బర్సాలో తయారవుతాయి కాబట్టి వాటికి బి కణాలు అని పేరు వచ్చింది. మనుషుల ఒంట్లోని కణాలకూ అదే పేరు. మనుషుల వైద్యానికి కోడి నేర్పిన పాఠం ఇది.

రెండో దళం టి కణాలు. ఇవి థైమస్ అనే గ్రంథిలో తయారవుతాయి. కోడి మెడకు రెండు పక్కలా పూసల దండలాగా ఉంటుంది ఈ గ్రంథి. యాంటీబాడీలు కణం బయట ఉన్న వైరస్ ను పట్టుకుంటాయి. మరి కణం లోపల దాక్కున్న వైరస్ మాటేమిటి? ఆ పని టి కణాలది. వైరస్ దాక్కున్న కణాన్ని గుర్తుపట్టి, ఆ కణంతో సహా చంపేస్తాయి. ఒక గుడిసెకు నిప్పంటుకుంటే ఊరంతా అంటుకోకుండా ఆ గుడిసెను కూలదోస్తారు చూడండి, అలాగన్నమాట.

2000 సంవత్సరంలో అమెరికా శాస్త్రవేత్తలు ఒక పరీక్ష చేశారు. ఐబి వైరస్ సోకిన కోళ్ళ నుంచి టి కణాలు తీసి, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఎక్కించారు. తర్వాత ఆ పిల్లలకు ఐబి వైరస్ ఇచ్చారు. ఆ టి కణాలు పిల్లలను కాపాడాయి. అంటే ఐబి నుంచి కాపాడటంలో యాంటీబాడీలతో పాటు టి కణాలకూ పెద్ద పాత్ర ఉందని తేలింది.

గుమ్మం కాపలా, వీధి కాపలా

యాంటీబాడీలన్నీ ఒకేచోట ఉండవు. కొన్ని రక్తంలో తిరుగుతాయి. కొన్ని కంటినీళ్ళలో, ముక్కులో, గాలిగొట్టం జిగురులో ఉంటాయి. మొదటివి వీధుల్లో తిరిగే కాపలా. రెండోవి గుమ్మం దగ్గర కాపలా.

కోడి కంటి వెనక ఒక గ్రంథి ఉంది. దాని పేరు హార్డేరియన్ గ్రంథి. గుమ్మం కాపలావాళ్ళు ఎక్కువగా అక్కడ తయారై కంటినీళ్ళతో బయటికి వస్తారు. కంటి నుంచి ముక్కులోకి సన్నని దారి ఉంది. ఐబి టీకా చుక్క కంట్లో వెయ్యడానికి కారణం ఇదే. చుక్క కంట్లో పడితే ఆ గ్రంథికీ, ముక్కుకూ రెంటికీ అందుతుంది.

ఇప్పుడు మన రెండో ప్రశ్నకు వద్దాం. తుమ్ములు తగ్గాక చావులు ఎందుకు? గొంతులో పెరిగిన వైరస్ రక్తంలోకి దిగుతుంది. రక్తంతో పాటు మూత్రపిండాలకు చేరుతుంది. రక్తంలో యాంటీబాడీలు ముందే ఉంటే దారిలోనే పట్టుకుంటాయి. లేకపోతే వైరస్ నేరుగా మూత్రపిండాల్లో దూరుతుంది. కొత్త సైన్యం తయారు కావడానికి వారం, పది రోజులు కావాలని చెప్పాను కదా! వైరస్ కు అంత సమయం అక్కర్లేదు. ఆ మధ్య కాలంలోనే అసలు నష్టం జరుగుతుంది. సాధారణంగా వైరస్ సోకిన ఆరో రోజు నుంచి చావులు మొదలవుతాయి. పదో రోజుకు బాగా పెరుగుతాయి. పదహారో రోజుకు తగ్గుతాయి. పదో రోజు తర్వాత ఎందుకు తగ్గుతున్నాయి? అప్పటికి సైన్యం వచ్చేసింది! బతికిన 160 పిల్లలు అలా బతికాయి.

మూత్రపిండం చెడితే ఏమవుతుంది?

కోడికి మనలాగా విడిగా మూత్రం రాదు. రెట్ట మీద తెల్లగా సున్నంలాగా ఉంటుంది చూడండి, అదే దాని మూత్రం. దాన్ని యూరిక్ ఆమ్లం అంటారు. ఒంట్లోని చెత్తను మూత్రపిండాలు ఈ రూపంలో బయటికి పంపుతాయి.

వైరస్ వల్ల మూత్రపిండాలు వాచి, పాలిపోతాయి. చెత్త బయటికి పోదు. లోపలే పేరుకుంటుంది. చచ్చిన పిల్లను డాక్టరు కోసి చూపిస్తే గుండె మీద, కాలేయం మీద సున్నం చల్లినట్టు తెల్లపొడి కనిపిస్తుంది. దీన్నే రైతులు "గౌట్" అంటారు. మూత్రపిండం నీళ్ళను పట్టి ఉంచలేదు. అందుకే పిల్ల ఎంత తాగినా దాహం తీరదు. రెట్ట నీళ్ళగా పోతుంది. ఊక తడుస్తుంది. ఊక తడిస్తే అమ్మోనియా. అమ్మోనియా ఉంటే కంచె పాడు. చూశారా, ఒకటి ఇంకొకదాన్ని ఎలా లాగుతుందో!

అయితే ఒక హెచ్చరిక. గౌట్ కనిపించిన ప్రతిసారీ ఐబి అనుకోకూడదు. నీళ్ళు చాలకపోయినా గౌట్ వస్తుంది. గుడ్లు పెట్టే కోళ్ళ దాణాలో సున్నం ఎక్కువ. ఆ దాణా చిన్న పిల్లలకు పెట్టినా వస్తుంది. బూజు పట్టిన మొక్కజొన్న తిన్నా మూత్రపిండాలు చెడతాయి. కాబట్టి మనం ఊహించుకుని మందు కొనకూడదు. చచ్చిన పిల్లను పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి కోసి చూపించుకోవాలి.

తల్లి ఇచ్చే కట్నం

పెట్ట ఒంట్లో ఉన్న యాంటీబాడీలు గుడ్డులోని పచ్చసొనలోకి చేరతాయి. పచ్చసొన నుంచి పిల్లకు వస్తాయి. తల్లిపాల ద్వారా మన బిడ్డలకు బలం వచ్చినట్టే ఇది. కోడి పాలివ్వదు కాబట్టి ముందే గుడ్డులో మూట కట్టి పంపుతుంది.

కానీ ఈ మూట ఎంతో కాలం రాదు. రోజురోజుకూ తరుగుతుంది. రెండు, మూడు వారాలకు దాదాపు అయిపోతుంది. మన కథలో పిల్లలకు జబ్బు మూడో వారంలోనే ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా! తల్లి ఇచ్చింది అయిపోయింది. సొంత సంపాదన ఇంకా మొదలు కాలేదు.

ఇంకో సంగతి. తల్లి నుంచి ఏమీ రాని పిల్లకు మొదటి రెండు వారాల్లోనే ఐబి వస్తే దాని గుడ్డు సంచి లోపలే చెడిపోవచ్చు. పిల్ల బతుకుతుంది. పెద్దదవుతుంది. చూడటానికి నిగనిగలాడుతుంది. కానీ ఎప్పటికీ గుడ్డు పెట్టదు. పాపం, "ఇది గొడ్డుది" అని దాన్ని తిడతాం. చిన్నప్పటి జబ్బు అలా చేసిందని తెలియదు. పెద్ద పెట్టలకు ఐబి వస్తే గుడ్లు తగ్గుతాయి. పెంకు పలచబడుతుంది, ముడతలు పడుతుంది. పగలగొడితే తెల్లసొన నీళ్ళలాగా జారిపోతుంది.

టీకా వేసినా ఎందుకు వస్తుంది?

మొన్న ఒక పిన్ని అడిగారు. "టీకా వేయించాం బాబూ, అయినా వచ్చింది. మరి టీకా దండగేనా?" అని. మంచి ప్రశ్న.

మీరు పుస్తకం చూసి రాసేటప్పుడు ఒక్కోసారి ఒక అక్షరం తేడా పడుతుంది కదా! "కల" అనేది "కళ" అవుతుంది. అర్థం మారిపోతుంది. వైరస్ కూడా తనను తాను నకలు రాసుకుంటుంది. వేల నకళ్ళు వేగంగా రాస్తుంది. రాతలో తేడాలు పడతాయి. ఆ తేడాలు ముళ్ళలో పడితే ముళ్ళ ఆకారం మారుతుంది. పాత ముళ్ళను పట్టే యాంటీబాడీ కొత్త ముళ్ళను గట్టిగా పట్టలేదు. అందుకే ఐబి వైరస్ లో ఎన్నో రకాలు ఉన్నాయి. ఒక రకానికి వేసిన టీకా మరో రకం నుంచి పూర్తిగా కాపాడలేకపోవచ్చు. మన ప్రాంతంలో ఏ రకం తిరుగుతోందో తెలిస్తే దానికి తగిన టీకా, లేదా రెండు రకాలు కలిపి కాపలా కాసే టీకాలు డాక్టరు చెబుతారు.

రెండో కారణం, టీకా చచ్చిపోవడం. ఐబి టీకాల్లో బతికున్న, బలహీనపరిచిన వైరస్ ఉంటుంది. అది చల్లగా ఉండాలి. దుకాణం నుంచి ఇంటికి ఎండలో చేతిసంచిలో తెస్తే దారిలోనే చస్తుంది. కలిపిన టీకాను గంట, రెండు గంటల్లో వేసెయ్యాలి. నీళ్ళలో కలిపి ఇచ్చేటప్పుడు బ్లీచింగు కలిసిన నీళ్ళు వాడకూడదు.

మూడో కారణం, సైన్యం తయారయ్యే చోటే చెడటం. గంబోరో అనే మరో జబ్బు ఉంది. అది నేరుగా బర్సా సంచినే పాడుచేస్తుంది. బర్సా చెడిన పిల్లకు ఏ టీకా వేసినా యాంటీబాడీలు సరిగా పుట్టవు. కాబట్టి ఒక్క ఐబి టీకా వేస్తే చాలదు. కొక్కెర తెగులు టీకా, గంబోరో టీకా కూడా డాక్టరు చెప్పిన రోజున, చెప్పిన వరసలో వెయ్యాలి.

టీకా దండగ కాదు పిన్నీ. టీకా అంటే దొంగ రాకముందే కాపలావాళ్ళకు దొంగ బొమ్మ చూపించడం. బొమ్మ కొంచెం పోలినా సైన్యం సగం సిద్ధంగా ఉంటుంది. సాధారణంగా హేచరీలోనే మొదటి రోజు ఐబి టీకా వేస్తారు. పిల్లలు కొనేటప్పుడు "ఏ టీకాలు వేశారు?" అని అడగండి. బిల్లు మీద రాయించుకోండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. చదివి చూసుకోండి.

మందుల దుకాణం దగ్గర

వైరస్ కు యాంటీబయాటిక్ మందు పనిచెయ్యదు. ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపుతుంది. వైరస్ వెనక ఇ.కోలై వచ్చిందని తేలితే డాక్టరు రాస్తారు. డాక్టరు చెప్పకుండా మనమే కొని పొయ్యకూడదు. కొన్ని మందులు ఇప్పటికే చెడిన మూత్రపిండాలకు ఇంకా బరువవుతాయి. పైగా ఊరికే వాడితే బాక్టీరియా ఆ మందుకు అలవాటు పడిపోతుంది. రేపు మన బిడ్డకు జబ్బు చేస్తే అదే మందు పనిచెయ్యదు. అందుకే కొలిస్టిన్ అనే మందును కోళ్ళకు, పశువులకు వాడకూడదని 2019లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది.

మరి ఐబి వస్తే ఏం చెయ్యాలి? ఒంటి సైన్యం తయారయ్యే దాకా పిల్లను బతికించుకోవాలి. అదే అసలు వైద్యం. వెచ్చగా ఉంచాలి. శుభ్రమైన నీళ్ళు రాత్రీ పగలూ అందేట్టు చూడాలి. డాక్టరు చెబితే నీళ్ళలో లవణాల పొడి కలపాలి. దాణాలో మాంసకృత్తులు ఎక్కువైతే మూత్రపిండాలకు పని ఎక్కువ. కొద్ది రోజులు తగ్గించాలా వద్దా అన్నది డాక్టరును అడగాలి. తడిసిన ఊక తీసేసి పొడి ఊక వెయ్యాలి.

ఈ వైరస్ మొండిది కాదు. దానికి పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు, బ్లీచింగు, ఎండ దాన్ని చంపుతాయి. కానీ గాలిలో, చెప్పులకు, దాణా సంచులకు, గుడ్ల అట్టలకు అంటుకుని షెడ్డు నుంచి షెడ్డుకు పోతుంది. కోలుకున్న కోడి కూడా కొన్ని వారాల పాటు రెట్టలో వైరస్ వదలవచ్చు. అందుకే పాత కోళ్ళ మధ్యకు కొత్త పిల్లలను తేకూడదు. ఒక బ్యాచి అంతా అమ్మేసి, షెడ్డు కడిగి, సున్నం కొట్టి, కొన్ని రోజులు ఖాళీగా ఉంచి, అప్పుడే కొత్త బ్యాచి తెచ్చుకోవాలి.

ఇంకొక్క మాట. కోళ్ళు ఒక్కసారిగా గుంపులు గుంపులుగా చస్తే ముట్టుకోకండి, కోయకండి. వెంటనే పశువైద్యశాలకు చెప్పండి. అది బర్డ్ ఫ్లూ కావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అది బయటపడింది. ఐబి మనుషులకు రాదు కానీ, బర్డ్ ఫ్లూ రావచ్చు.

అక్కలారా! అన్నలారా! కోడి ఒంట్లో ఇంత పెద్ద కాపలా ఉంది. ఆ కాపలాకు మనం చెయ్యవలసిన సాయం చిన్నది. వెచ్చదనం, పొడి ఊక, మంచి నీళ్ళు, వేళకు టీకా. ఈ నాలుగూ డబ్బుతో కన్నా శ్రద్ధతో అయ్యే పనులు. మన సంఘంలో కోళ్ళు పెంచే వాళ్ళందరూ ఒక నోటు పుస్తకం పెట్టండి. పిల్లలు తెచ్చిన తేదీ, టీకా వేసిన తేదీ, చచ్చిన పిల్లల లెక్క రోజూ రాయండి. డాక్టరు వచ్చినప్పుడు ఆ పుస్తకం చూపించండి. సగం జబ్బు ఆ పుస్తకమే చెబుతుంది.



గుర్తుంచుకుందాం

1. ఐబి వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ మందుతో వైరస్ చావదు.
2. తుమ్ములు తగ్గాక కూడా పది రోజులు జాగ్రత్తగా చూడాలి.
3. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు రెండు, మూడు వారాలే ఉంటాయి.
4. టీకాను చల్లగా తేవాలి. కలిపిన వెంటనే వెయ్యాలి.
5. చచ్చిన కోడిని చెరువులో, రోడ్డు పక్కన పారెయ్యకూడదు. గొయ్యి తీసి, సున్నం వేసి పూడ్చాలి.

జవాబులు రాయండి

1. కోడి ఒంట్లో మొదటి కాపలా ఏది? దాన్ని ఏవి పాడుచేస్తాయి?
2. బి కణాలకు ఆ పేరు ఎలా వచ్చింది?
3. టీకా చుక్క కంట్లో ఎందుకు వేస్తారు?
4. 300 పిల్లల్లో 45 చనిపోయాయి. ఎన్ని మిగిలాయి? ఒక్కో పిల్లకు 100 రూపాయలు ఖర్చయితే నష్టం ఎంత?
5. మీ ఊరికి దగ్గరలో పశువైద్యశాల ఎక్కడ ఉంది? అక్కడ కోళ్ళకు ఏ టీకాలు దొరుకుతాయో కనుక్కుని మీ నోటు పుస్తకంలో రాయండి.